కంటిరెప్ప గడ్డ: పాత జబ్బును దాచవద్దు

గుణదలలోని మా వైద్యశాలకు కంటి బాధలతో వచ్చేవారిలో అధికులు రెప్పపై కురుపుకు గృహచికిత్స అడుగుతారు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో, మూసిన రెప్పపై పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టమని చెబుతాను. సాధారణమైన కురుపు ఒకటి రెండు వారాలలో అణగిపోతుంది. దానితోపాటు నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: ఇదివరలో క్యాన్సర్‌కు చికిత్స జరిగినదా?

ఈ ప్రశ్నకు కొందరు నొచ్చుకుంటారు. ఏనాడో తీసివేసిన రొమ్ము గడ్డకూ కంటికీ సంబంధమేమిటని వారి సందేహం. ముందు పుట్టిన గడ్డపై మరొకటి పుడితే అధ్యర్బుదమనీ, రెండు గడ్డలు ఒకేసారిగానీ ఒకదాని వెంట ఒకటిగానీ పుడితే ద్విరర్బుదమనీ సుశ్రుతసంహిత పేర్కొన్నది. రెప్పల వ్యాధులు 21 అని లెక్కించి, వాటిలో వర్త్మార్బుదాన్ని చేర్చినదీ ఆ గ్రంథమే.

కంటికి ఎలా చేరుతుంది?

కంటి లోపల రెటీనాకు వెనుకనున్న కొరాయిడ్ పొరకు రక్తప్రసారం చాలా ఎక్కువ. మరొక అవయవంలోని క్యాన్సర్ కణాలు రక్తంతోపాటు వచ్చి అక్కడ నిలదొక్కుకుంటాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యులు 1997లో ప్రచురించిన పరిశీలనలో, ఇటువంటి రోగులు 420 మందిలో 47 శాతానికి మూలం రొమ్ము, 21 శాతానికి ఊపిరితిత్తులు. 34 శాతం మందికి అంతకుముందు క్యాన్సర్ ఉన్న చరిత్రే లేదు. కన్నే తొలి హెచ్చరిక చేసినది.

గమనించవలసిన లక్షణాలు

• చూపు మసకబారటం, మెరుపులు, తేలియాడే మచ్చలు
• ఒకే వస్తువు రెండుగా కనిపించటం
• కన్ను ముందుకు పొడుచుకురావటం, లేదా లోనికి గుంటపడటం
• నొప్పిలేని రెప్ప గడ్డ నెల దాటినా తగ్గకపోవటం, తీసిన చోటనే మళ్ళీ రావటం, అక్కడి వెంట్రుకలు రాలటం
• ఒక రెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదై, ముఖంలో ఆ వైపు చెమట పట్టకపోవటం. ఊపిరితిత్తి పైకొనలోని గడ్డ నరాన్ని నొక్కినా ఇలా జరుగుతుంది.

భయపడనవసరం లేదు. రెప్ప గడ్డలలో అత్యధికం నిరపాయకరమైనవే. ఇతర అవయవాలనుండి రెప్పకు క్యాన్సర్ పాకటం బహు అరుదు. అయినా ఈ లక్షణాలున్నప్పుడు తేనె, నిమ్మరసం, ఆకుపసర్లు కంటిలో వేసుకుంటూ రోజులు గడపరాదు.

మన కుటుంబాలలో మరొక చిక్కున్నది. ఆడపిల్ల సంబంధాలకు అడ్డువస్తుందని తల్లికి జరిగిన ఆపరేషన్‌ను దాచిపెడతారు. ఆ రహస్యం కంటివైద్యుని వద్దకూ వెళుతుంది. సంగతి తెలియని వైద్యుడు మామూలు కురుపుగా భావించే ప్రమాదమున్నది. తెలిస్తే చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి లోపలి పొరను చూస్తాడు, స్కాన్ తీయిస్తాడు, గడ్డనుండి ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. రేడియేషన్‌తో, మందులతో చాలామందికి చూపు నిలుస్తుంది. మూలవ్యాధికీ తగిన చికిత్స అందుతుంది.

మన ప్రాంతంవారికి తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ శాఖ ఉన్నది. ఎక్కడికి వెళ్ళినా పాత ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు వెంట తీసుకుని వెళ్ళండి. అడగకముందే వైద్యుని ముందు ఉంచండి.