అంబాసిడర్‌గారి తమ్ముడు

చిన్నప్పుడు మా వీధి చివరి షెడ్డులో ఎప్పుడు చూసినా ఒక అంబాసిడర్ నోరు తెరుచుకుని నిలబడి ఉండేది. మేస్త్రీ నడుము దాకా బానెట్ కింద దూరిపోయేవాడు. ఇంజను చుట్టూ అంత చోటుండేది మరి. నల్లగా నూనె కారుతున్న ఆ ఇనుప దిమ్మకు ఇంగ్లండులో ఒక తమ్ముడున్నాడనీ, ఆ తమ్ముడు టాపు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఊరేగుతున్నాడనీ అప్పుడెవరైనా చెప్పుంటే నమ్మేవాణ్ణి కాదు.

ఆ కారు పేరు ఎంజీబీ. 1962లో బయటికొచ్చింది. పాత అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, ఎంజీబీది 1798 సీసీ. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ-సిరీస్ కుటుంబమే. పిస్టన్ కిందికీ పైకీ ఆడే దూరం ఇద్దరిలోనూ ఒకటే: 88.9 మి.మీ., అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు. తేడా అంతా బోరులో ఉంది. అన్నకు 73 మి.మీ., తమ్ముడికి 80 చిల్లర. ఆ ఏడు మిల్లీమీటర్ల వెడల్పు నాలుగు సిలిండర్లలో కలిసి 309 సీసీలు తెచ్చిపెట్టింది. దానికి రెండు కార్బురేటర్లు తోడై, 95 గుర్రాల బలం వచ్చింది. కారు బరువు టన్నుకు లోపే కాబట్టి గంటకు 160 కిలోమీటర్లు దాటేది. పెళ్లివారినీ కలెక్టరుగారినీ మోసిన అన్నకు ఆ సరదా ఎక్కడిది?

చుట్టరికం ఇంజనుతో ఆగదు. ఎంజీ అన్న రెండక్షరాలు ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్ నుంచి వచ్చాయి. అది విలియం మోరిస్ దుకాణం. 1920లలో అక్కడి మేనేజరు సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకు సోగ్గా ఉండే బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి దిగిందే. ఇద్దరిదీ ఒకే గోత్రమన్నమాట.

ఎంజీబీని రూపొందించిన బృందానికి పెద్ద సిడ్ ఎనెవర్. అబింగ్డన్‌లోని ఆ ఫ్యాక్టరీ చేతిలో డబ్బు తక్కువ. అందుకని ఇంట్లో ఉన్న సరుకులతోనే విందు వండారు. ఇంజను, గేరుబాక్సు, వెనక యాక్సిల్ అన్నీ ఆ కంపెనీ ఫ్యామిలీ కార్ల కోసం చేసినవాటి నుంచి తెచ్చుకున్నవే. ముందు చక్రాల దగ్గర పైచేయిగా పనిచేసేది షాక్ అబ్జార్బరు లీవరే. ఒకే వస్తువుతో రెండు పనులు. స్పోర్ట్స్ కార్ల పండితులు దీన్ని చూసి ముక్కు విరిచారు. అరవై ఏళ్ల తర్వాత ఇంటి వెనక గ్యారేజీలో నాలుగు స్పానర్లతో ఒక మామూలు మనిషి ఆ కారును విప్పి మళ్లీ బిగించగలుగుతున్నాడంటే, ఆనాటి ఆ పిసినారితనం చలవే అంటాను నేను.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లు ధైర్యం చేశారు. అంతకుముందున్న ఎంజీఏకు అడుగున విడిగా ఛాసిస్ ఉండేది, దానిమీద బాడీ కూర్చునేది. ఎంజీబీకి ఛాసిస్ తీసేశారు. రేకుల పెంకే ఎముక, పెంకే చర్మం. అగ్గిపెట్టె తీసుకుని మెలితిప్పి చూడండి, బిగువుగా ఉంటుంది. లోపలి అర ఒక్కదాన్నే బయటికి తీసి మెలితిప్పితే వంకర్లు పోతుంది. టాపు లేని కారు ఆ అరలాంటిది. మరి మెలిపడకుండా పట్టేదేమిటి? తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు పెట్టె. ఇంగ్లీషు మెకానిక్కులు దాన్ని సిల్ అంటారు. మన మాటలో గడపే. బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో నిలువు రేకు, అడుగున మరో పట్టీ, అన్నీ వెల్డింగుతో ఒకటైన మూసిన గొట్టం అది. అన్నివైపులా మూసి ఉన్నంతసేపూ అది మెలికకు లొంగదు. ఒకవైపు చిల్లుపడితే మాత్రం బలం గబగబా జారిపోతుంది.

ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, గాలి చాలు. ఆ నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహించి పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. ముందు చక్రం విసిరిన ఉప్పు బురద మడ్‌గార్డు వెనక మూలలో పేరుకుని గడప లోపలికి దిగుతుంది. అక్కడ ఏళ్ల తరబడి తడి ఆరదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రెండు రేకుల నడుమ పుట్టి వాటిని ఉబ్బించి విడదీస్తుంది. పైన పెయింటు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల కథ ముగిసి ఉంటుంది.

కొనేవాడికి అది తెలియకుండా చేసే విద్య ఒకటుంది. కుళ్లిన గడపను కోయకుండానే దానిమీద కొత్త రేకు తొడుగు వేసి, లప్పం పూసి, మెరిసే రంగు కొట్టడం. అందుకే పాత కార్లు చూడబోయేవాళ్లు జేబులో అయస్కాంతం వేసుకుని వెళతారు. లప్పం ఉన్నచోట అది అంటుకోదు. మొదటి సంవత్సరాల ఎంజీబీల బానెట్‌కు కూడా అంటుకోదుగానీ, పాపం అది మోసం కాదు. అప్పట్లో ఆ బానెట్ అల్యూమినియంతో చేసేవాళ్లు.

కారు ఇంటికొచ్చాక ఉత్సాహవంతుడు చేసే మొదటి తప్పు మొత్తం విప్పేయడం. సీట్లు, అద్దాలు, తలుపులు, ఇంజను అన్నీ లాగేసి, రెండువైపులా గడపలు గ్రైండరుతో కోసేస్తాడు. ఎముక తెగిన కారు నడుము దగ్గర చూరులా కొద్దిగా కుంగుతుంది. కంటికి కనిపించదు. ఆ కుంగిన ఆకారంలోనే కొత్త గడపలు అతికిస్తాడు. నెలల తర్వాత రంగు కూడా అయ్యాక తలుపు బిగిస్తే పైన రాసుకుంటుంది, కింద వేలు పడుతుంది. అప్పుడిక చేసేదేమీ లేదు, మళ్లీ కోయడం తప్ప.

తెలిసినవాడు తలుపులు ఉండగానే వాటి చుట్టూ ఉన్న సందు కొలిచి రాసుకుంటాడు. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బిగిస్తాడు. ఒకసారి ఒకవైపే కోస్తాడు. బోల్టులతో ఉన్న ముందు మడ్‌గార్డు ఊడదీస్తాడు, ఎందుకంటే గడప దాని వెనక్కి కూడా సాగుతుంది. కొత్త రేకును ముందు క్లాంపులతో పట్టి, తలుపు తగిలించి, మూసి, తెరిచి, మళ్లీ మూసి, సందు సరిపోయాకే టార్చి చేతపడతాడు. పెట్రోలు ట్యాంకు అప్పటికే ఇంటి బయటికి వెళ్లిపోయి ఉండాలి. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వెల్డ్ చేస్తూ పోవాలి. ఒకేచోట ఆపకుండా కాలిస్తే పల్చటి రేకు వేడికి అప్పడంలా ముడుచుకుంటుంది. చివర జింకు కలిసిన ప్రైమరు. ఇనుము కంటే జింకు తేలిగ్గా తుప్పుకు లొంగుతుంది కాబట్టి ముందు తాను తినబడుతూ ఇనుమును కాపాడుతుంది. మనం గడపకు పసుపు రాసినట్టే వాళ్లు జింకు రాస్తారు.

చిన్న సామాన్లకు ఇంకో ముచ్చటైన పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, బట్టల సోడా, ఒక బ్యాటరీ ఛార్జరు. తుప్పు పట్టిన బ్రాకెట్టుకు నెగటివ్ తీగ, పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్ తీగ తగిలించి ముంచితే బుడగలు లేస్తూ తుప్పు విడిపోతుంది. తెల్లారేసరికి బ్రాకెట్టు నల్లగా, గట్టిగా మిగులుతుంది, రుద్దితే ఆ నలుపు వచ్చేస్తుంది. లేచే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, అందువల్ల ఇది ఆరుబయట చేయాల్సిన పని. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపు క్రోమియం నీటిలో కలుస్తుంది. అల్యూమినియం సామాను ఆ తొట్టిలో వేస్తే సోడా దాన్నే తినేస్తుంది.

ఇంజను విషయానికొస్తే పెద్దగా చెప్పేదేమీ లేదు. అదే దాని గొప్ప. బోరు చేయించి, రింగులు మార్చి, బేరింగులు వేసి, టాపెట్లు సెట్ చేస్తే మన షెడ్డు మేస్త్రీ కూడా దాన్ని నడిపించగలడు. 1964 చివర్లో క్రాంకు షాఫ్టు బేరింగులు మూడు నుంచి ఐదయ్యాయి, ఇంజను ఇంకా మొండిదైంది. కాలం తెచ్చిన చిక్కు ఒకటుంది. పాత పెట్రోలులో కలిపిన సీసం వాల్వు సీట్ల మీద పల్చటి పొరలా కూర్చుని అరుగుదలను ఆపేది. 2000లో బ్రిటన్‌లో సీసం పెట్రోలు ఆగింది, మన దేశంలోనూ అదే ఏడాది. అప్పటినుంచి హెడ్ విప్పిన ప్రతివాడూ ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించుకుంటున్నాడు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు కూడా మార్చక తప్పడం లేదు.

కార్బురేటర్ల దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. ఎస్‌యూ కార్బురేటరులో గాలి దారికి అడ్డంగా ఒక పిస్టన్ వేలాడుతుంది. ఇంజను ఎంత గాలి పీలిస్తే అది అంత పైకి లేస్తుంది. దాని అడుగున కొసదాకా సన్నబడుతూ పోయే సూది ఒకటి జెట్ రంధ్రంలో దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది సన్నని భాగం రంధ్రంలోకి వచ్చి, చుట్టూ ఖాళీ పెరిగి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు, కంప్యూటరు లేకుండా! పైన గొట్టంలో కాస్త నూనె పోస్తారు. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే ఆ నూనె పిస్టన్‌ను తటాలున లేవనివ్వదు. ఆ క్షణంలో పీల్పు బలంగా ఉండి పెట్రోలు కాస్త అదనంగా అందుతుంది, కారు తడబడకుండా ముందుకు దూకుతుంది. ఎంజీబీకి ఇవి రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. పాతకాలపు పద్ధతి ఏమిటంటే, ఒక రబ్బరు గొట్టం చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒకసారి ఈ నోటి దగ్గర, ఒకసారి ఆ నోటి దగ్గర పెట్టి బుస వినడం. తంబురా తీగలు శ్రుతి చేసినట్టే. చెవి ఉన్నవాడికి ఐదు నిమిషాల పని, లేనివాడికి ఆదివారమంతా.

కరెంటులో ఒక తిరకాసు. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ఆ సంగతి మరిచి కొత్త రేడియో బిగిస్తే పొగ వస్తుంది. సీట్ల వెనక అడుగున ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు దాక్కుని ఉంటాయి. వాటి పెట్టెలు కూడా తుప్పు ఇళ్లే.

తమ్ముళ్లలో ఎక్కువ మంది అమెరికా వెళ్లారు. ఆ దేశపు నిబంధనలే ఎంజీబీ మొహం మార్చాయి. తక్కువ వేగపు గుద్దుళ్లకు దెబ్బ తినకూడదని 1974 చివర్లో క్రోమియం బంపర్లు తీసి నల్లటి రబ్బరు బంపర్లు వేశారు. ఎత్తు నిబంధన కోసం కారును కాస్త పైకి లేపారు. కారు పక్కకు ఒరగకుండా పట్టే ముందువైపు యాంటీ రోల్ బారును కూడా కొంతకాలంపాటు తీసేశారు. మలుపుల్లో నేలకు అతుక్కుపోయే కారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచినట్టు తయారైంది. ఈనాటికీ ఇంటి గ్యారేజీల్లో జరిగే మార్పుల్లో సగం ఈ మార్పును వెనక్కి తిప్పడానికే: కారును మళ్లీ కిందికి దించడం, రబ్బరు పీకి క్రోమియం పెట్టడం. ముక్కు కింది రేకుల్ని కూడా కోసి మార్చాలి గనుక అది నాలుగు బోల్టులతో పోయే పని కాదు. అసలు రూపం చెడగొట్టారని రుసరుసలాడే శుద్ధాచారులూ లేకపోలేదు. ఏది అసలు, 1974 ముందుదా వెనకదా? నా ఓటు క్రోమియానికే.

మార్పులు చేసేవాళ్లను చులకన చేయకూడదనడానికి ఒక కథ ఉంది. ఎంజీబీకి ఇంకా బలం కావాలని కంపెనీ 1967లో దాని ముక్కులో ఇనుప ఆరు సిలిండర్ల ఇంజను కుక్కి ఎంజీసీ అని పేరు పెట్టింది. ముక్కు బరువెక్కి కారు మొరాయించింది, రెండేళ్లకే మూతపడింది. ఆ తర్వాత కెన్ కోస్టెల్లో అనే రేసు డ్రైవరు తన వర్క్‌షాపులో అదే ఎంజీబీలో రోవర్ వీ8 ఇంజను దించాడు. 3528 సీసీ, కానీ అల్యూమినియంది. ఎనిమిది సిలిండర్లున్నా పాత నాలుగు సిలిండర్ల ఇనుప దిమ్మతో బరువులో పెద్ద తేడా లేదు. కంపెనీ కళ్లు తెరుచుకున్నాయి. 1973లో తానే ఎంజీబీ జీటీ వీ8 తెచ్చింది. 1976 దాకా చేసింది 2,591 మాత్రమే. ఒక్క మనిషి వర్క్‌షాపు ఫ్యాక్టరీకి దారి చూపింది.

1980 అక్టోబరులో అబింగ్డన్ గేట్లు మూసేశారు. అప్పటికి తయారైనవి ఐదు లక్షలకు పైనే. మామూలుగా ఇక్కడ ఒక కారు జీవితచరిత్ర ఆగిపోవాలి. కానీ బాడీ రేకులు అచ్చుకొట్టే పాత డైలు తుక్కుకు పోకుండా దొరికాయి. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ వాటితో కొత్త ఎంజీబీ పెంకులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. కారు చచ్చిన ఎనిమిదేళ్లకు దాని పెంకు మళ్లీ పుట్టింది. దాన్నే ఆధారం చేసుకుని 1993లో ఆర్‌వీ8 అన్న కొత్త కారే వచ్చింది. రెండు వేల లోపు చేశారు, అందులో ఎక్కువ భాగం జపాన్ కొనుక్కుంది.

కొత్త పెంకులోకి పాత ఇంజను, యాక్సిల్, స్టీరింగు మారిస్తే అది పాత కారా, కొత్త కారా? బ్రిటన్ రిజిస్ట్రేషను వాళ్లు చాలా ఏళ్లు దీనికి మార్కులు వేశారు. భారీగా మార్చిన బండికి పాత నంబరు నిలవాలంటే ఎనిమిది మార్కులు రావాల్సి ఉండేది. అందులో బాడీ పెంకుకు ఐదు. అంబాసిడర్ తోబుట్టువైన ఆ ఇంజనుకు ఒకటే ఒకటి.

ఇప్పుడు కొందరు ఆ ఒక్క మార్కు కూడా వదులుకుంటున్నారు. ఇంజను తీసేసి, ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీలు పెడుతున్నారు. ఎస్‌యూ బుస ఉండదు, నూనె కారదు. అయితే బ్యాటరీల బరువు మోయాలి కదా. వాళ్లు కూడా మొదట వంగి అయస్కాంతం పెట్టి చూసేది గడపకే.