పీపాలు, పెట్టెలు, ఏడక్షరాల తాళం

డోలు కొట్టొద్దని సర్కారు హుకుం జారీ చేస్తే ఏమవుతుంది? ట్రినిడాడ్‌లో అయితే నూనె పీపా వాద్యమైంది.

కరీబియన్ సముద్రంలోని ఈ చిన్న దీవి అప్పట్లో ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండేది. బానిసత్వం రద్దయ్యాక ఆఫ్రికా సంతతి జనం కార్నివాల్ రోజుల్లో డోళ్లతో వీధుల్లోకి వస్తుంటే దొరలకు గుండెదడ. 1881లో పోలీసులకీ జనానికీ మధ్య పెద్ద గొడవే జరిగింది. కొద్ది ఏళ్లకే డోళ్ల మీద నిషేధం వచ్చింది. జనం ఊరుకున్నారా? వెదురు నరుక్కొచ్చారు. లావుపాటి బొంగును నేలకేసి గుద్దితే మంద్రంగా మోగేది. పొట్టి ముక్కలు ఒకదానికొకటి తాటిస్తే మధ్యరకం చప్పుడు. సన్నదాన్ని భుజానికి ఆనించుకుని పుల్లతో కొడితే ఖంగుమనే దరువు. ఆ మేళాన్ని తంబూ బాంబూ అనేవారు. ఓ రెండు తరాలు దానితోనే కార్నివాల్ నడిచింది.

వెదురుతో చిక్కేమిటంటే ఊరికే పగులుతుంది. 1930ల్లో కుర్రాళ్లు చేతికందిన ఇనుమునల్లా వాయించడం మొదలుపెట్టారు. బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, పాత కార్ల బ్రేకు డ్రమ్ములు, ఏది దొరికితే అది. కొట్టగా కొట్టగా రేకు సొట్టపడిన చోట ఓ స్వరం, ఉబ్బిన చోట మరో స్వరం పలుకుతున్నాయని తెలిసొచ్చింది. ఆ సొట్టే అసలు విద్య! దీవిలో చమురు పరిశ్రమ ఉంది, యుద్ధకాలంలో అమెరికా సైనిక స్థావరం కూడా వచ్చింది, కాబట్టి 55 గాలన్ల ఖాళీ పీపాలకు కొదవ లేదు. 1946లో ఎల్లీ మానెట్ అనే యువకుడు అలాంటి పీపాతో వాద్యం చేశాడు.

దాని తయారీ కాస్త దగ్గర్నుంచి చూడాల్సిన పని. ముందు పీపా అడుగును సమ్మెటతో కొట్టి కొట్టి బాణలిలా లోపలికి దించుతారు. రేకు పలచబడాలి, చిరగకూడదు. తర్వాత ఏ స్వరం ఎక్కడో గీసుకుని, ఆ గీతల వెంబడి మేకు మొనతో గాడి కొడతారు. పీపా చుట్టుగోడను కావలసినంత పొడవుకు కోస్తారు. పై స్థాయి స్వరాలకైతే జానెడు చాలు, మంద్ర స్వరాలకైతే పీపా మొత్తం ఉండాల్సిందే. దాన్ని నిప్పుల మీద కాల్చి, చివరికి చిన్న సుత్తితో పైనుంచీ కిందనుంచీ తడుతూ శ్రుతి చేస్తారు. మంచి పనివాడి చేతిలో ప్రతి స్వరంలోనూ దాని పై స్థాయి కూడా కలిసి పలుకుతుంది. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే పక్క స్వరం కూడా చెడుతుంది.

ఈ స్టీల్‌పాన్‌ను 1992లో ట్రినిడాడ్ అండ్ టొబాగో జాతీయ వాద్యంగా ప్రకటించింది. అక్కడితో ఆగలేదు. దేశ రాజచిహ్నంలో కొలంబస్ మూడు ఓడలుండేవి. వాటిని తీసేసి ఆ చోట స్టీల్‌పాన్ పెట్టాలని 2024లో ప్రభుత్వం నిర్ణయించింది, పార్లమెంటు ఆమోదమూ దొరికింది. నన్నడిగితే ఇంత మంచి మార్పిడి ఈ మధ్యకాలంలో ఏ దేశమూ చేయలేదు.

పీపా సంగతి అలా ఉంటే, ఇక పెట్టె సంగతి. స్పెయిన్ ఫ్లమెంకో కచేరీల్లో ఓ వాద్యగాడు చెక్కపెట్టె మీద కూర్చుని దాని ముఖం మీదే దరువేస్తుంటాడు, గమనించారా? అది స్పెయిన్‌ది కానే కాదు. పెరూలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు సరుకుల పెట్టెల్నే డోళ్లుగా మార్చుకోగా పుట్టిన కహోన్ అది. 1970ల చివర్లో గిటార్ విద్వాంసుడు పాకో దె లూసియా లిమాలో దాన్ని చూసి ముచ్చటపడి వెంట తెచ్చుకున్నాడు. ఇవాళ కొత్తగా ఫ్లమెంకో వినేవాళ్లు అది అనాదిగా అక్కడే ఉందనుకుంటారు.

అర్జెంటీనా టాంగో సంగతీ అంతే. ఆ నాట్యానికి ప్రాణంపోసే బాండోనియన్ జర్మనీ సరుకు. 1840ల్లో క్రేఫెల్డ్ పట్టణంలో హైన్‌రిష్ బాండ్ అనే వర్తకుడు దాన్ని అమ్మేవాడు. ఆర్గన్ కొనే స్తోమత లేని చోట భక్తిగీతాలకు పనికొస్తుందన్నది అప్పటి ఉద్దేశం. ఓడలెక్కి బ్యునోస్ ఐరిస్ రేవు చేరాక అది పాడిన పాటలు వేరు, వాయించిన వీధులూ వేరు. నేర్చుకోవడానికి మహా మొండిది. తిత్తి సాగదీసేటప్పుడు ఒక మీట ఒక స్వరం పలుకుతుంది, మూసేటప్పుడు అదే మీట మరో స్వరం. అంటే రెండు చేతులకూ కలిపి నాలుగు రకాల అమరికలు తలకెక్కాలి. టాంగో రూపురేఖల్నే మార్చేసిన ఆస్టర్ పియాసోలాకు ఎనిమిదేళ్ల వయసులో తొలి బాండోనియన్ దొరికింది న్యూయార్క్‌లోని ఓ తాకట్టు కొట్లో. తండ్రి కొనిచ్చాడు.

టాంగో పిచ్చి అర్జెంటీనా తర్వాత ఎక్కడ ఎక్కువో చెప్పుకోండి చూద్దాం. ఫిన్లాండ్‌లో! మంచు దేశంవాళ్లు దాన్ని పూర్తిగా సొంతం చేసుకుని, ఎక్కువగా విషాద స్వరాల్లో తమ భాషలోనే పాడుకుంటారు. సెయినాయొకి పట్టణంలో 1985 నుంచి ఏటా టాంగో జాతర జరుగుతోంది.

ఇక తాళాల విషయానికొద్దాం. మిశ్రచాపు తెలిసినవాళ్లు చేతిని తొడమీద వేసి ఓసారి త-కి-ట, త-క, ది-మి అని లెక్కపెట్టండి. మూడు, రెండు, రెండు, మొత్తం ఏడు. ఇప్పుడు ఏదైనా గ్రీకు పెళ్లి వీడియో తెరవండి. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడేది కలమటియానోస్. దాని నడక కూడా మూడు, రెండు, రెండే. మీ చెయ్యి ఆపకుండా వేసుకుంటూ పోవచ్చు. ఇంకాస్త ఉత్తరానికి, బల్గేరియాకు వెళ్తే రుచెనిత్సా అనే నాట్యం ఉంది. అందులోనూ ఏడే, కాని వరస తిరగబడి రెండు, రెండు, మూడు అవుతుంది. మన శ్యామశాస్త్రి 'నిన్నువినగ మరి' కీర్తనలో పట్టుకున్న విలోమచాపు సరిగ్గా ఇదే! కాకపోతే శాస్త్రిగారిది నింపాది, రుచెనిత్సా వేగానికి వేళ్లు అందవు. ఎవరో ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేననను. ఏడును విరగ్గొట్టి నడిపించడం రెండు చోట్లా మనుషులకు నచ్చింది, అంతే.

హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ ఈ లయలకు ముగ్ధుడై పియానో నేర్చుకునేవాళ్ల కోసం బల్గేరియా తాళాల్లో ఆరు నృత్యాలు రాశాడు. అమెరికా జాజ్ విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ 1958లో ఇస్తాంబుల్ వీధిలో రెండు, రెండు, రెండు, మూడుగా సాగే తొమ్మిది అక్షరాల దరువు విని, దానిమీద ఓ రచన కట్టాడు. అది చేరిన 'టైమ్ అవుట్' జాజ్ చరిత్రలో బాగా అమ్ముడైన రికార్డుల్లో ఒకటి. ఆ పర్యటనలోనే ఆయన మద్రాసు వచ్చి మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్ళైతో కలిసి వాయించాడు. లెక్కల్లో తమకు తిరుగులేదనుకునే జాజ్ డ్రమ్మర్లు ఆ పూట ఏమనుకున్నారో!

శ్రుతి కుదరలేదంటే మనకు కచేరీ పాడైనట్టే. బాలి దీవిలో మాత్రం కావాలనే కుదరనివ్వరు. అక్కడి గమెలాన్ మేళంలో కంచు పలకల వాద్యాలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదాన్ని రెండోదానికంటే పిసరంత హెచ్చు శ్రుతిలో పెడతారు. రెండూ కలిపి మోగించినప్పుడు ఆ తేడా వల్ల నాదం సెకనుకు కొన్నిసార్లు చొప్పున అదురుతుంది. ఆ అదురు లేకపోతే వాద్యంలో జీవం లేదంటారు. పైగా ప్రతి మేళానికీ దాని శ్రుతి దానిదే. పక్క ఊరి మేళం నుంచి ఓ పలక అరువు తెచ్చుకుందామంటే కలవదు. 1889లో పారిస్ ప్రదర్శనలో జావా గమెలాన్ విన్న ఫ్రెంచి స్వరకర్త దెబ్యుసీ ఆ నాదాన్ని జీవితాంతం మరచిపోలేదు.

సైబీరియా దక్షిణాన ఉన్న తువాలో గాయకుడు ఒక్క గొంతుతో ఒకేసారి రెండు స్వరాలు పాడతాడు. మాయేం లేదు. ప్రతి గొంతులోనూ అడుగు స్వరంతో పాటు దాని అనుస్వరాలు ఉండనే ఉంటాయి. నాలుకనీ పెదవుల్నీ సర్ది, వాటిలో ఒక్కదాన్నే పైకి తేల్చి మిగతావాటిని అణచివేస్తారు. కింద తంబురా శ్రుతి, పైన పిల్లనగ్రోవి, రెండూ ఒకే మనిషి! భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌కు ఆ ప్రాంతం చూడాలని వెర్రి కోరిక. సోవియట్ అధికారుల చుట్టూ ఏళ్లతరబడి ఉత్తరాలు నడిపాడు. 1988 ఫిబ్రవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకు అనుమతి పత్రం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాల్ పీనా అనే అంధ బ్లూస్ గాయకుడి అదృష్టం బాగుంది. ఆయన షార్ట్‌వేవ్ రేడియోలో ఈ పాట విని, సొంతంగా సాధన చేసి, 1995లో తువా వెళ్లి అక్కడి పోటీలో తన విభాగంలో గెలిచి వచ్చాడు.

కెనడా ఉత్తరాన ఇన్యుయిట్ స్త్రీలదీ గొంతు పాటే, కాని దాన్ని పోటీ అంటే బాగుంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు పట్టుకుని, ఊపిరి చప్పుళ్లను ఒకరి వెంట ఒకరు అల్లుకుంటూ పోతారు. ముందు ఎవరు నవ్వితే వాళ్లు ఓడినట్టు.

పోర్చుగల్ ఫాదో పాటకు లిస్బన్‌లో చప్పట్లు కొడతారు. కొయింబ్రా విశ్వవిద్యాలయ పట్టణంలో పాడేది నల్ల దుప్పట్ల విద్యార్థులు, మగవాళ్లు. అక్కడ పాట నచ్చితే గొంతు సవరించుకున్నట్టు దగ్గాలి. మన సభల్లో ఈ ఆచారం పెడితే గాయకుడు కచేరీ మధ్యలో లేచిపోతాడు.

హవాయి గిటార్ కథ మెక్సికోలో మొదలవుతుంది. 1830ల్లో హవాయి రాజు పశువుల్ని అదుపు చేసేందుకు మెక్సికో కాపరుల్ని పిలిపిస్తే, వాళ్లతో గిటార్ వచ్చింది. ఆ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లాడు గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కుముక్క జార్చడం మొదలుపెట్టాడు. భారతదేశంలో పుట్టి హొనొలులు చేరిన గేబ్రియల్ డేవియన్ అంతకుముందే ఆ పని చేశాడన్న వాదనా ఉంది. ఏదైతేనేం, మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే ఆ స్వరం మన గమకానికి తగినది. 1940ల్లో హవాయి కళాకారుడు తౌ మోయ్ కలకత్తాలో ఉన్నప్పుడు దానికి ఇక్కడ అభిమానులు పెరిగారు. సినిమా పాటల బాణీల్ని స్టీల్ గిటార్ మీద వాయించిన రికార్డులు ఆ తర్వాత చాలా ఇళ్లలో మోగాయి. విశ్వమోహన్ భట్ అదనపు తీగలు కట్టి మోహనవీణ చేశాడు, అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ కొట్టాడు. దక్షిణాదిన గోటువాద్యం ఉండనే ఉంది, అందులోనూ జారుడే కదా.

పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ చేసింది దానికంటే గట్టి సాహసం. మాండొలిన్ ఇటలీ వాద్యం. దాని స్వరం మీటగానే చచ్చిపోతుంది, గమకం పలికించడం కష్టం. ఆయన విద్యుత్ మాండొలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే శిష్యుడు విని వాయించేవాడు. ఆ వాయిద్యం గాత్రంలా పలకడానికి అసలు కారణం ఆ చదువేనని నా అభిప్రాయం. గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో 1978లో తొలి కచేరీ చేసేనాటికి పిల్లాడికి తొమ్మిదేళ్లు.

ఇథియోపియాలో ఆధునిక సంగీతానికి పునాది వేసింది నలభైమంది ఆర్మీనియా అనాథ పిల్లలు. 1924లో జెరూసలేం వెళ్లిన రాజప్రతినిధి రస్ తఫరి, అక్కడి ఆర్మీనియన్ మఠంలో ఈ పిల్లల బ్యాండు విని ముచ్చటపడి, అందర్నీ తన దేశానికి తెచ్చుకున్నాడు. వాళ్ల గురువు కెవోర్క్ నల్బందియన్ ఆ దేశానికి జాతీయగీతం బాణీ కూడా కట్టాడు. ఆ ఇత్తడి బాకాల ఒరవడిలోంచే తర్వాత సంగీతకారుడు ములాతు అస్తత్కే ఇథియో జాజ్ వచ్చింది. అక్కడి టిజిటా స్వరవరుసలో ఒక రకం అచ్చంగా మన మోహన స్వరాలే.

ఆగస్టు 11కు సంగీత పంచాంగంలో రెండు పండగలున్నాయి. ఐక్యరాజ్యసమితి దాన్ని ప్రపంచ స్టీల్‌పాన్ దినోత్సవంగా 2023లో ప్రకటించింది. అంతకు 50 ఏళ్ల ముందు, 1973లో అదే తేదీన న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఓ అపార్టుమెంటు హాల్లో జరిగిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. రికార్డులు వేసింది కూల్ హెర్క్, జమైకా నుంచి వలసవచ్చిన కుర్రాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోటుకు జనం ఊగిపోతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే మార్చి మార్చి సాగదీశాడు. జమైకాలో అప్పటికే అలాంటి ఆట నడుస్తోంది. ఓ స్టూడియోలో ఇంజనీరు గాత్రం కలపడం మరచిపోతే, ఆ ఉత్త వాద్యాల రికార్డుకే జనం తామే పాట అందుకుని పాడారట. రేడియోలు బాగుచేసే కింగ్ టబ్బీ చేతిలో ఆ పొరపాటు డబ్ అనే ప్రక్రియగా ఎదిగింది.

ఇలా ముక్కలు కత్తిరించడంలో ఎక్కువగా వాడుకున్నది ఏడు సెకన్ల దరువు. 1969లో ద విన్‌స్టన్స్ బృందం 'అమెన్, బ్రదర్' అనే వాద్యగీతాన్ని రికార్డు వెనుకవైపు నింపడానికి వాయించింది. మధ్యలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు కొడతాడు. ఆ ముక్క వేల పాటల్లోకి వెళ్లింది, ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ ప్రక్రియలు దానిమీదే లేచాయి. బృందానికి రాయల్టీగా దమ్మిడీ రాలేదు. 2015లో కొందరు డీజేలు చందాలు వసూలు చేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24 వేల పౌండ్లు అందజేశారు. కోల్‌మన్ 2006లోనే ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. తన దరువు ఎక్కడెక్కడ మోగుతోందో అతనికి తెలిసే ఉంటుందని స్పెన్సర్ కూడా అనుకోలేదు.