మార్నింగ్టన్ పెనిన్సులా: ఎటు దిగాలి, ఎటు చూసి రావాలి

వేసవి సెలవులు రాగానే మెల్‌బోర్న్‌లోని మన కుటుంబాలు పులిహోర డబ్బాలు సర్దుకుని బయలుదేరే చోట్లలో మార్నింగ్టన్ పెనిన్సులా ఒకటి. సిటీ నుంచి గంట, గంటన్నర డ్రైవ్. టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండేవారు జీలాంగ్ మీదుగా క్వీన్స్‌క్లిఫ్ వెళ్లి, కారుతో సహా ఫెర్రీ ఎక్కితే 40 నిమిషాల్లో సొరెంటోలో దిగుతారు. పిల్లలకు ఆ పడవ ప్రయాణమే సగం పండగ.

ఈ ద్వీపకల్పానికి ఒక పక్క పోర్ట్ ఫిలిప్ బే, మరో పక్క బాస్ జలసంధి. సొరెంటోలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నడిచి వెళ్లిపోవచ్చు. కానీ నీళ్ల తీరు వేరు. బే వైపు రోస్‌బడ్‌లాంటి చోట్ల చాలా దూరం వరకు లోతు తక్కువే. పిల్లలు ఆడుకోవాలన్నా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కాళ్లు తడుపుకోవాలన్నా అటే వెళ్లండి.

బాస్ జలసంధి వైపు అందం ఎక్కువ, నమ్మకం తక్కువ. 1967 డిసెంబర్ 17న ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ ఇక్కడి షెవియట్ బీచ్‌లో ఈతకు దిగి కనిపించకుండా పోయారు. ఆ సముద్రం ఆయనకు కొత్తేమీ కాదు, ఈత బాగా వచ్చినవారు. అయినా శవం కూడా దొరకలేదు. (మెల్‌బోర్న్‌లో ఆయన పేరు పెట్టింది ఈత కొలనుకే!) 2024 జనవరిలో, దగ్గర్లోని ఫిలిప్ ఐలాండ్‌లో లైఫ్‌గార్డులు లేని బీచ్‌లో భారత సంతతికి చెందిన నలుగురు ఒకేసారి చనిపోయారు.

లోపలికి లాగే ప్రవాహాన్ని ఇక్కడ ‘రిప్’ అంటారు. అలలు విరుగుతున్న చోట్ల మధ్య, అలలు లేకుండా కాస్త ముదురు రంగులో కనిపించే నీటి దారి అది. ప్రశాంతంగా ఉంది కదా అని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకండి. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవారు 000కు ఫోన్ చేయాలి. గన్నమట్టా, పోర్ట్‌సీ బీచ్‌లలోనైనా ఎర్ర-పసుపు జెండాలు ఉన్నప్పుడు, వాటి మధ్యే దిగండి. జెండాలు లేకపోతే దిగొద్దు.

దిగకపోయినా చూడ్డానికి చాలా ఉంది. కేప్ షాంక్‌లో 1859 నాటి లైట్‌హౌస్, కింద నల్లరాళ్ల తీరానికి చెక్కబాట, మెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైనుంచి చూసినా చాలు. ఓపిక ఉంటే అక్కడినుంచి బుష్‌రేంజర్స్ బేకి నడవండి, రానూపోనూ ఐదారు కిలోమీటర్లు. ఫొటో కోసం తడిసిన రాళ్ల మీదికి మాత్రం వెళ్లొద్దు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందనే.

చివరి కొస పాయింట్ నెపియన్. కోట దాకా కారు వెళ్లదు, నడకో సైకిలో. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన కొన్ని గంటలకే, 1914 ఆగస్టు 5న, బయటకు పోతున్న జర్మన్ ఓడను ఆపడానికి ఇక్కడినుంచే ఫిరంగి పేల్చారు. దారిలో 1852లో మొదలైన క్వారంటైన్ స్టేషన్ ఉంది. ఆ ఏడాది టికాండెరోగా ఓడలో వచ్చిన వలసదారుల్లో దాదాపు వందమంది దారిలోనే జ్వరంతో చనిపోగా, మిగిలినవారిని ఇక్కడ దింపారు. కోవిడ్ రోజుల్లో హోటల్ గదిలో 14 రోజులు గడిపినవారు ఆ భవనాల దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేరు.