గర్భసంచి తీయించుకునే ముందు

“పిల్లలు పుట్టారు, పిల్లల ఆపరేషనూ అయింది. ఇంక ఆ సంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడా పోతుంది.” తెలుగు పల్లెల్లో ఈ మాట ఆడవాళ్లకు ఆడవాళ్లే చెప్పుకుంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ చెబుతాడు, పక్క టౌన్లో నర్సింగ్‌హోమ్ వాళ్లూ చెబుతారు. ఆ మాట ఎంత దూరం పోయిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019–21లో జరిగిన అయిదో విడత సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. ఈ విషయంలో దేశంలో అందరికంటే ముందున్న రాష్ట్రాలు మనవే.

దేశం మొత్తం లెక్కల్లో ఆలోచించాల్సిన సంగతులు మూడు. సగానికి పైగా మహిళలు చెప్పిన కారణం కాన్సర్ కాదు, నెలసరిలో అధిక రక్తస్రావం, నొప్పి. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి. ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లయినా దాటలేదు.

గర్భసంచి తీయడం చెడ్డ ఆపరేషనేమీ కాదు. కాన్సర్ వచ్చినప్పుడు, ఎన్ని మందులు వాడినా గడ్డలు లొంగనప్పుడు, గర్భసంచి పూర్తిగా కిందికి జారినప్పుడు, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది ప్రాణదాత. మాత్రతో తగ్గే జబ్బుకు కత్తి పట్టడం దగ్గరే పేచీ.

తీసింది సంచి, దెబ్బ అండాశయాలకు

“సంచి ఒక్కటే తీస్తాం, అండాశయాలు అలాగే ఉంచుతాం, హార్మోన్లకేమీ ఢోకా ఉండదు” అని డాక్టర్లు ధైర్యం చెబుతుంటారు. ఇందులో నిజం కొంతే. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గుండె నుంచి దిగే మహాధమని నుంచి నేరుగా వచ్చే ధమని. రెండోది గర్భసంచికి రక్తం తెచ్చే ధమని నుంచి చీలే కొమ్మ. గర్భసంచి తీసేటప్పుడు ఆ ధమనిని ముడివేసి కోస్తారు కాబట్టి రెండో దారి మూసుకుపోతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం దీని ఫలితాన్ని చూపించింది. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసిన మహిళల్లో అండాశయాలు ముందుగానే పనిచేయడం మానే ముప్పు, ఆపరేషన్ జరగనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది.

అండాశయాలు కూడా తీసేస్తే కథ వేరు. సహజంగా ముట్లుడిగేటప్పుడు ఈస్ట్రోజన్ కొన్నేళ్లపాటు నెమ్మదిగా తగ్గుతుంది. ఆపరేషన్‌తో అది ఒక్క రోజులో పడిపోతుంది. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రుళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం పైకి కనిపించేవి. కనిపించనిది ఎముకల్లో జరుగుతుంది. మన ఎముకలో పాత భాగాన్ని కరిగించే కణాలు, కొత్త భాగాన్ని కట్టే కణాలు నిత్యం పనిచేస్తుంటాయి. కరిగించే కణాల దూకుడును అదుపులో పెట్టేది ఈస్ట్రోజన్. అది లేకపోతే కట్టేదానికంటే కరిగేది ఎక్కువవుతుంది. ముప్పై అయిదేళ్లకే ఈ పరిస్థితి వస్తే, ముట్లుడగడానికి పదేళ్ల ముందు నుంచే ఎముక అరగడం మొదలైనట్టు.

గుండె మాటా ఉంది. అమెరికా నర్సుల మీద దశాబ్దాలపాటు సాగిన పెద్ద అధ్యయనం నుంచి 2009లో ఒక విశ్లేషణ వెలువడింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీయించుకున్నవారిలో రొమ్ము, అండాశయ కాన్సర్లు తగ్గాయి కానీ గుండె జబ్బులు, మొత్తం మరణాలు పెరిగాయి. “ఎటూ పొట్ట తెరిచాం, అవీ తీసేద్దాం” అనే అలవాటుకు ఇది గట్టి సమాధానం.

రిపోర్టులో రాసింది చదవండి

మన దగ్గర చాలా ఆపరేషన్లు స్కానింగ్ కాగితంతో మొదలవుతాయి. అందులో ఇంగ్లిషులో రాసిన మాటలకు డాక్టరు గదిలో వినిపించే తెలుగు అర్థాలు భయపెట్టేలా ఉంటాయి.

“బల్కీ యూటరస్” అని ఉంటే “గర్భసంచి వాచింది” అంటారు. పిల్లలు పుట్టని స్త్రీకంటే ఇద్దరు ముగ్గుర్ని కన్న స్త్రీ గర్భసంచి సహజంగానే కాస్త పెద్దగా ఉంటుంది. మరే లక్షణమూ లేకుండా ఆ ఒక్క మాట ఉంటే అది జబ్బు కాదు. “సిస్ట్” అంటే “నీటి బుడగలు”. నెలనెలా అండం పెరిగేది నీటి తిత్తిలోనే. ఆ తిత్తి కొన్నిసార్లు పగలకుండా ఉండిపోయి, రెండు మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. “ఎరోజన్” అని రాస్తే “గర్భసంచి మూతి మీద పుండు, వదిలేస్తే కాన్సరవుతుంది” అని చెబుతారు. చాలామందిలో అది పుండు కాదు. గర్భసంచి మూతి లోపలి ఎర్రని పొర కొంచెం బయటికి కనిపించడమే. వయసులో ఉన్న ఆడవాళ్లలో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అది మామూలు సంగతి. తెల్లబట్ట ఎక్కువైతే కారణం చాలావరకు ఇన్‌ఫెక్షన్. దానికి మందులున్నాయి.

ఎక్కువ అంటే ఎంత?

నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి పోతే అధిక రక్తస్రావం అనే లెక్క ఒకటుంది. అది 1960లలో స్వీడన్‌లో జరిగిన పరిశోధన నుంచి వచ్చింది. అక్కడి మహిళలు వాడిన ప్యాడ్‌లన్నీ సేకరించి, వాటిలోని రక్తాన్ని రసాయనంతో కరిగించి కొలిచారు. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటినవారిలో రక్తహీనత ఎక్కువని తేలింది. ఇప్పుడు వైద్యులు ఆ కొలత పట్టుకుని కూర్చోరు. గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతోందా, గడ్డలు పడుతున్నాయా, రాత్రి నిద్రలో లేవాల్సి వస్తోందా, పనికి పోలేకపోతున్నారా అని అడుగుతారు. రోజువారీ బతుకు చెడిపోతే అది ఎక్కువే.

అలాంటప్పుడు కారణం వెతకాలి. అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవైద్య సమాఖ్య 2011లో కారణాలను తొమ్మిది వర్గాలుగా విడగొట్టింది. మొదటి నాలుగూ స్కానింగ్‌లోనో పరీక్షలోనో కనిపించేవి. అవి పాలిప్, గర్భసంచి గోడలోకి లోపొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్ గడ్డలు, కాన్సర్ లేదా దాని ముందు దశ. మిగతావి చాలావరకు స్కానింగ్‌కు దొరకవు. రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం సరిగా విడుదల కాకపోవడం, లోపొరలోని తేడా, కాపర్‌-టీ, కొన్ని మందులు వీటిలోకి వస్తాయి. థైరాయిడ్ లోపం అండం విడుదలను చెడగొడుతుంది. దానికి రక్తపరీక్ష, మాత్ర చాలు.

ఒకామోతో మాత్ర

అధిక రక్తస్రావానికి చవకైన మందు ట్రానెక్సామిక్ యాసిడ్. దీని వెనుక ఒక ఆడమనిషి పట్టుదల ఉంది. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకామోతో, భర్త షోసుకేతో కలిసి 1962లో దీన్ని ప్రకటించారు. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆమె లక్ష్యం. ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే కూతుర్ని వీపున కట్టుకుని ప్రయోగశాలకు వెళ్లిన మనిషి ఆమె. వైద్య సదస్సులో ఆడమనిషి మాట్లాడుతోందని ఆమెను ఎగతాళి చేశారు. కాన్పుల్లో ఈ మందు పరీక్షించమని కోబె నగర ప్రసూతి వైద్యులను ఆమె ఒప్పించలేకపోయారు. చివరికి 21 దేశాల్లో 20 వేల మంది తల్లుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కాన్పయిన మూడు గంటల్లోపు మందు ఇస్తే రక్తస్రావ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆ ఫలితం చూడకుండానే ఒకామోతో 2016లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆడవాళ్ల జబ్బులపై పరిశోధన ఎంత నింపాదిగా నడుస్తుందో చెప్పడానికి ఈ 55 ఏళ్లు చాలు.

మందు పనిచేసే తీరు సులువే. నాళం తెగినచోట ఫైబ్రిన్ అనే పోగులు వల అల్లి రక్తాన్ని ఆపుతాయి. ఆ వలను కరిగించే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ కూడా మన రక్తంలోనే ఉంటుంది. నెలసరిలో ఎక్కువగా రక్తం పోయేవారి గర్భసంచి లోపొరలో ఈ కరిగించే పని జోరుగా సాగుతుంది. తాళం రంధ్రంలో పుల్ల ఇరికించినట్టు, ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ ఎంజైమ్ ఫైబ్రిన్‌ను పట్టుకునే చోట దూరి కూర్చుంటుంది. వల నిలుస్తుంది, రక్తం తగ్గుతుంది. రోజూ వేసుకోనక్కర్లేదు, రక్తం పోయే రోజుల్లో వాడితే చాలు. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డలు కట్టినవారు మాత్రం వాడకూడదు. అందుకే డాక్టరు చీటీ ఉండాలి.

తర్వాతి మెట్టు హార్మోన్ లూప్. 1990లో ఫిన్లాండ్‌లో మొదట వాడుకలోకి వచ్చింది. చూడటానికి కాపర్‌-టీలాగే ఉంటుంది కానీ రాగి బదులు లీవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను అయిదేళ్లపాటు కొద్దికొద్దిగా వదులుతుంది. లోపొర పలచబడి, చాలామందిలో రక్తస్రావం 80 నుంచి 90 శాతం తగ్గుతుంది. మొదటి కొన్ని నెలలు చుక్కచుక్కగా కనబడటం మామూలే. ఈ సంగతి ముందే చెప్పకపోతే భయపడి తీయించేసుకుంటారు. గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చిన చిన్న గడ్డలను కింది నుంచే సన్నని గొట్టంతో తీయవచ్చు. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్లు చాలావరకు వాటంతట అవే కుంచించుకుపోతాయి. ఇవన్నీ దాటాక వచ్చేదే పెద్ద ఆపరేషన్.

కాన్సర్ భయానికి మందు

గర్భసంచి మూతి కాన్సర్ మన దేశంలో నిజమైన ముప్పే. దానికి దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ వైరస్. వైరస్ సోకాక కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది. ఆ లోపు పరీక్షలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా మహిళలతో జరిగిన అధ్యయనం 2009లో ప్రచురితమైంది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఆ కాన్సర్ మరణాలు దాదాపు సగం తగ్గాయని అది చూపించింది. భయంతో సంచి తీయించుకోవడం కంటే ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవడం మేలు.

మన దగ్గరే ఎందుకు ఇన్ని?

కారణం శరీరంలో కంటే బతుకులో ఉంది. మొదట్లో చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నారు. చాలామందికి అది పాతికేళ్లు నిండకముందే అయిపోతుంది. అప్పటి నుంచి గర్భసంచి పని అయిపోయిందనే లెక్క మొదలవుతుంది. నాట్లకో కలుపుకో పోయే మనిషికి నెలలో నాలుగైదు రోజులు పని పోతే కూలీ పోతుంది. చేను గట్టున మరుగుదొడ్డి ఉండదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే మహిళల కథ ఇదే. 2019లో అక్కడ సర్వే చేసిన 82 వేల మందిలో 13 వేలకు పైగా మహిళలకు గర్భసంచి లేదని తేలింది. మన మెదక్ జిల్లా గ్రామాల్లో హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ దంపతులు చాలా ఏళ్ల క్రితమే చేసిన పరిశీలన కూడా చిన్న వయసులో అవసరం లేని ఆపరేషన్ల గురించే హెచ్చరించింది.

ఇంకో వింత చూడండి. అక్కర్లేనివారికి ఇంత సులువుగా జరిగే ఆపరేషన్, తమ ఇష్టంతో కోరుకునే ట్రాన్స్ పురుషులకు మాత్రం సులువుగా అందదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ఈ శస్త్రచికిత్సలకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని చెప్పింది. గర్భసంచి ఉంచుకున్న ట్రాన్స్ పురుషులకు కూడా గర్భసంచి మూతి కాన్సర్ పరీక్ష అవసరం. మగ పేరుతో స్త్రీల వార్డు ముందు నిలబడటమే వారికి పెద్ద గండం. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం, వారే నడిపే మిత్ర్ క్లినిక్ మొదలైంది. 2025లో అమెరికా సాయం ఆగిపోవడంతో అది మూతపడాల్సి వచ్చింది. ఇద్దరి విషయంలోనూ లోపించేది ఒకటే. ఆ శరీరం ఎవరిదో వాళ్లను అడగడం.

అడగాల్సిన ప్రశ్నలు

రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. అనవసర గర్భసంచి ఆపరేషన్లు అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయి నుంచే పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ముఖ్యంగా 40 ఏళ్లలోపు వారికి జరిగే ఆపరేషన్లను గమనించాలి.

కమిటీ మీ పక్కన వచ్చి కూర్చోదు కాబట్టి మీరే అడగండి. నా జబ్బు పేరేమిటి? అది కాన్సరా, కాదా, ఏ పరీక్షలో తేలింది? ముందు మందులు ఎందుకు వాడకూడదు? ఎన్ని నెలలు వాడి చూడవచ్చు? అండాశయాలు ఉంచుతారా? నాలుగు వారాలు ఆగితే ప్రమాదమా? రక్తం ధారగా పోతుంటే తప్ప చివరి ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ “కాదు” అనే ఉంటుంది. ఆ వ్యవధిలో రిపోర్టులు పట్టుకుని ప్రభుత్వ ఆస్పత్రిలోనో, డబ్బు కట్టే కౌంటర్‌తో సంబంధం లేని మరో గైనకాలజిస్టు దగ్గరో రెండో అభిప్రాయం తీసుకోండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే డాక్టరు చేతిలో కత్తి పెట్టకండి.