సర్టిఫికెట్ ఇచ్చాక ఏమైంది?

ఊళ్లో చదువు మానేసిన పిల్లల శిక్షణ కేంద్రానికి మనలో చాలామంది డాలర్లు పంపుతుంటాం. ఏడాది చివర ఫొటోలతో నివేదిక వస్తుంది: ఇంతమంది చేరారు, ఇన్ని సర్టిఫికెట్లు ఇచ్చాం. ఆ పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో మాత్రం అందులో ఉండదు.

అమెరికాలో 2014 నాటి ఉపాధి శిక్షణ చట్టం కింద, చదువు ఆపేసిన 16–24 ఏళ్ల యువత కోసం గ్రాంట్లు ఇస్తారు. శిక్షణ ముగించి వెళ్లిపోయాక రెండో త్రైమాసికంలో ఒకసారి, నాలుగో త్రైమాసికంలో మరోసారి చూస్తారు: ఉద్యోగంలోనో, చదువులోనో ఉన్నారా అని. ఉద్యోగం సంగతి ఎక్కువగా యజమానులు ప్రభుత్వానికిచ్చే జీతాల లెక్కల్లోనే తేలిపోతుంది.

దీనికీ ఓ చిక్కుంది. అంకె బాగా కనబడాలంటే, తేలిగ్గా ఉద్యోగం దొరికేవాళ్లనే చేర్చుకుంటే సరి! చంటిబిడ్డ తల్లి, జైలుకెళ్లొచ్చిన కుర్రాడు గుమ్మం బయటే ఉండిపోతారు. అందుకే రాష్ట్రాల లక్ష్యాలు పెట్టేటప్పుడు ఎలాంటివాళ్లు చేరారు, అక్కడ పనులు దొరుకుతున్నాయా అన్నదీ లెక్కలోకి తీసుకుంటారు.

మన ఊరి సంస్థకు అంత యంత్రాంగం ఎక్కడిది? ఫోనుంది కదా. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి పేరు పేరునా అందరికీ చేయమనండి. ఎత్తనివాళ్లెందరో కూడా నివేదికలో రాయమనండి. ఆ ఫోన్లు చేసే మనిషి జీతం మాత్రం మనమే పంపాలి.