ఖాళీ నెలలు ఎవరికి విశ్రాంతి?

దర్శి: పంట ఇల్లు చేరి, కాలువలో నీరు ఆగిన తరువాత ఎండాకాలంలో దర్శి ప్రాంతపు చేలు ఖాళీగా కనిపిస్తాయి. అయితే చేలో పైరు లేనంత మాత్రాన రైతుకు పని లేదనుకోవడం పొరపాటు.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో మొదటిసారి నీరు వదిలారు. కుడి కాలువ నుంచి చీలిన దర్శి బ్రాంచి కాలువకు కూడా విరామం అవసరమే. గండ్లు పూడ్చడానికి, తూముల తలుపులు బాగుచేయడానికి, పూడిక తీయడానికి నీరు పారని రోజులే అనువు. ఆ రోజుల్లో ఉపేక్షిస్తే తరువాత చివరి భూముల రైతుకు నీరందదు.

భూమికీ ఇదే అదను. వేసవి జల్లు పడగానే వాలుకు అడ్డంగా దున్నితే నేలలో దాగిన పురుగులు బయటపడి ఎండకు మాడిపోతాయి, పక్షుల పాలవుతాయి. కలుపు వేళ్లు ఎండుతాయి. తొలకరి వాన పారిపోకుండా నేలలో ఇంకుతుంది. భూసార పరీక్షకు మట్టి తీయవలసింది కూడా ఇప్పుడే. చేలో 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంటలు తీసి, అంచుల మట్టిని బాగా కలిపి, అందులో అరకిలో పంపితే చాలు.

ఎడ్లకు ఈ నెలలు తెరిపి. అరక కట్టే రైతులు జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాకకు వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెడతారు.

సెంటు భూమి లేని కూలీ సంగతి వేరు. అతనికిది విశ్రాంతి కాదు, పని దొరకకపోవడం. పశ్చిమ ప్రాంత పల్లెల నుంచి ఎందరో హైదరాబాదు, బెంగుళూరుకు వలసపోయింది ఇందుకే. ఏడాదికి 100 రోజుల పని కల్పించాలన్న 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఈ లోటు తీర్చడానికే వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది.

ఇక ఆడవారికి ఏ నెలలోనూ తెరిపి లేదు. చేలో పని ఆగినా నీళ్లు, వంట, పశువుల పని ఆగవు. ఫ్యాక్టరీ కార్మికుడు ఐదు గంటలు పనిచేస్తే అరగంట విరామం ఇవ్వాలని 1948లోనే చట్టం చెప్పింది. ఇంటి చాకిరీకి అటువంటి లెక్క ఎవరూ కట్టలేదు.

మిట్ట మధ్యాహ్నం చెట్టునీడన నడుం వాల్చడం సోమరితనం కాదు. ఎండదెబ్బ నుంచి కాపాడేది అదే. చెరువు పూడిక, కాలువ మరమ్మతు వంటి పనులను వేసవికి ముందే గ్రామసభలో తీర్మానించుకుని, తెల్లవారుజామునే మొదలుపెట్టుకుంటే కూలీకి కూలి దక్కుతుంది, చేనుకు నీరు దక్కుతుంది. ఆ కాసేపు మగవారు బిందె పట్టుకుంటే ఇల్లాలికి కూడా కొంత విశ్రాంతి దొరుకుతుంది.