లోహంలోకి నాటిన గట్టిదనం

తుంటి కీలు పూర్తిగా అరిగిపోయినవారికి డాక్టర్లు కృత్రిమ కీలు అమరుస్తారు. అందులో ఒక లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నెలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉండాలి. శరీరంలో పెట్టడానికి టైటానియం మిశ్రమం మేలైన లోహం. తేలికైనది, బలమైనది, తుప్పు పట్టదు. రాపిడికి మాత్రం ఆగదు. గీతలు పడి నల్లటి పొడి రాలుతుంది. అలాంటి పొడి పేరుకున్నచోట వాపు వస్తుంది, చుట్టూ ఎముక కరుగుతుంది, చివరికి కీలు వదులవుతుంది.

పైన గట్టి పూత వేస్తే పోదా? హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగులో మెరిసే డ్రిల్ బిట్లు చూసే ఉంటారు. ఆ రంగు టైటానియం నైట్రైడ్‌ది. చాలా గట్టి పదార్థం. కానీ పూత అన్నాక లోహానికీ దానికీ మధ్య అతుకు తప్పదు, అతుకు ఉన్నచోట పెచ్చు లేచే భయమూ తప్పదు. ఒంట్లో ఉన్న కీలుకు ఆ భయం చిన్నది కాదు.

అతుకే లేకుండా నైట్రోజన్‌ను నేరుగా లోహంలోకి దూర్చేదే అయాన్ ఇంప్లాంటేషన్. గాలి తోడేసిన గదిలో నైట్రోజన్ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతారు. అలా తయారైన అయాన్లను లక్ష వోల్టులతో తరిమితే సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో లోహాన్ని తాకుతాయి. ఇంత చేసినా అవి దిగే లోతు మిల్లీమీటరులో పదివేలవ వంతు, లేదా అంతకు రెట్టింపు. ఆ కాస్త దూరంలోనే దారిలో ఉన్న అణువులను గుద్ది చెదరగొడతాయి. కొన్ని నైట్రోజన్ అణువులు టైటానియంతో కలిసి సూక్ష్మమైన నైట్రైడ్ రేణువులవుతాయి. లోహం సొట్టపడటం, గీతపడటం అంటే లోపల అణువుల వరసలు జారడమే. ఈ రేణువులు ఆ జారుడుకు అడ్డం పడతాయి. చదరపు సెంటీమీటరుకు ఒకటి పక్కన 17 సున్నాలు పెట్టినన్ని అయాన్లు పంపితే గట్టిదనం స్పష్టంగా తెలుస్తుంది.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా తోచేది వస్తువు కొలత మారకపోవడం. వాయువు నుంచి నైట్రోజన్ ఎక్కించే గ్యాస్ నైట్రైడింగ్‌లో ఉక్కును 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచాలి. సన్నని భాగాలు వంకరపోవచ్చు. ఇక్కడ అంత వేడి అక్కర్లేదు. అద్దంలా నునుపు చేసిన గుండు ఆ నునుపుతోనే బయటికి వస్తుంది. పైగా కరిగించి కలిపినా కలవని మూలకాలను కూడా ఇలా లోహంలోకి పంపవచ్చు.

ఈ విద్య ముందు సిలికాన్ చిప్పుల తయారీలో స్థిరపడింది. ఇంగ్లండ్‌లోని హార్వెల్ అణు పరిశోధన కేంద్రంలో జెఫ్రీ డియర్న్‌లీ బృందం 1970లలో దాన్ని పనిముట్ల ఉక్కు మీదికి మళ్లించింది. అప్పుడొక చిక్కు బయటపడింది. అయాన్ల కిరణం తిన్నగానే పోతుంది కనుక వంపుల వెనక భాగం దానికి అందదు. వస్తువును అన్ని వైపులా తిప్పుతూ ఉండాలి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాన్ కాన్రాడ్ బృందం 1987లో ప్రచురించిన పద్ధతి ఈ బెడదను చాలావరకు తగ్గించింది. వస్తువును ప్లాస్మాలోనే, అంటే అయాన్లున్న వాయువులోనే ఉంచి, దానికి రుణ విద్యుత్తును దఫదఫాలుగా ఇస్తే అయాన్లు అన్ని పక్కల నుంచీ వచ్చి దిగుతాయి.

యంత్రం ఖరీదైనది, గట్టిపడే పొర మరీ పలచనిది. నాగలి కర్రుకో గడ్డపారకో ఇది దండగ, వాటికి కొలిమి చాలు. కొలత వెంట్రుకవాసి తప్పినా పనికిరాని భాగాలకు మాత్రం ఈ ఖర్చు న్యాయమైనదే.